కుడి పెట్టెలో నాయన

ఆ రికార్డు నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఉంది. అందులో డోలు వాయించింది నాయనే అని అందరూ చెప్పేవారు. నాకు మాత్రం ఆ డోలు ఎప్పుడూ సరిగా వినపడలేదు. మేనమామ ఇంట్లోని ఒంటి స్పీకరు పెట్టెలో నాదస్వరం ముందుకొచ్చి నిలబడేది. డోలు ఎక్కడో వెనక, పక్కింట్లో వడ్లు దంచుతున్నట్టుండేది. నాయన మద్రాసు వెళ్లి రికార్డు ఇచ్చింది ఆ ఒక్కసారే. అట్ట మీద మేళం నడిపే నాదస్వర విద్వాంసుడి పేరుంది, నాయన పేరు లేదు. పేరు సరే, నాయన పోయాక ఆ చేతుల పని ఒక్కసారైనా విడిగా వినాలని ఉండేది.

అట్ట మూలన చిన్న అక్షరాల్లో స్టీరియో అని ఉండటం, పత్రికలో ఉద్యోగం మానేశాక గానీ నా కంట పడలేదు. అన్నేళ్లు ఊరివాళ్ల అచ్చుతప్పులు దిద్దినవాణ్ని! స్టీరియో అంటే శబ్దానికి రెండు దారులు. నాదస్వరం ఒక దారిన, డోలు ఇంకో దారిన వెళ్లి ఉంటే? ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు.

చిత్తూరులో పాత సామాన్ల కొట్లో ఆంప్లిఫయరు దొరికింది. ముందు వెండిరంగు గుబ్బలు, లోపల నిండా బూజు. రికార్డు ప్లేయరు తిరుపతిలో ఒక లాయరు గారి అటక దిగింది. సత్యవేడులో కల్యాణమండపం ఒకటి మూతపడుతుంటే అక్కడి స్పీకరు పెట్టెలు రెండూ ఆటోలో తెచ్చాను. మా ఆవిడ వాటి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇవి ఈడ పెడితే మనం యాడ కూసునేది?" అంది.

కలిపే పని కాణిపాకంలో ఏళ్ల తరబడి మైకుసెట్టు నడిపిన పెద్దాయన తీసుకున్నాడు. నాయన మేళం వెంట ఊళ్లు తిరిగినవాడు. మూడు ఆదివారాలు మా ముందుగదిలో కూర్చుని బూజు దులిపాడు, పాడైన భాగాలు మార్చాడు, ప్లేయరుకు కొత్త ముల్లు వేశాడు.

మూడో ఆదివారం పొద్దున రికార్డు పెట్టాం. గది నిండిపోయింది. అయితే డోలు మళ్లీ వెనకే. ఎడమ పెట్టెకు చెవి ఆనించాను, కుడి పెట్టెకు ఆనించాను. రెండింట్లోనూ అదే. నాయన ఇక ఇంతేనేమో అనిపించింది.

కాఫీ తెచ్చిన మా ఆవిడ ప్లేయరు వెనకవైపు తొంగి చూసింది. "అన్నా, ఈ రెండు తీగలకూ ముడేసి పెండ్లి సేసినావే?"

"సెయ్యకుంటే ఎట్లమ్మా?" అన్నాడు పెద్దాయన. "ఊరేగింపులో ముందు నడిసేవానికి ఒగటి, ఎనకొచ్చేవానికి ఇంగొగటి ఇనిపిస్తే నన్ను తన్నరా? అన్ని గొట్టాలూ ఒగటే పలకాల."

"అన్నా, ఇది ఊరేగింపు కాదు. ఉండేది ముగ్గురమే," అన్నాను.

"నీ ఇష్టమప్పా," అంటూ నల్లటేపు విప్పి, తీగలు విడదీసి, దేనికది వేరుగా తగిలించాడు.

ముల్లు మళ్లీ దిగింది. నాదస్వరం ఎడమ గోడ దగ్గరికి జరిగింది. కుడి పెట్టెలోంచి, మా బీరువా పక్కనుంచి, డోలు లేచింది. వెంటనే ఎడమ పెట్టె తీగ లాగేశాను. ఇక నాయన ఒక్కడే. ఒకవైపు పుల్ల దెబ్బ, ఇంకోవైపు వేళ్ల తొడుగుల టకటక, మధ్యలో తోలు మీద అరచెయ్యి రాసుకున్న చప్పుడు కూడా.

చివరికొచ్చేసరికి డోలు ఉన్నట్టుండి ముందుకు దూకింది. తొడ మీద తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"సూసినావా, ఉరికినాడు! మేళంలో అందురూ తిట్టేది దీనికే అప్పా."

నాకు నవ్వాగలేదు. అన్నానికి కూర్చున్నా అంతే, మేం రెండో ముద్ద కలిపేలోపు నాయన చెయ్యి కడిగేసేవాడు.

"మీకు ఆ గుణం రాలేదే," అంది మా ఆవిడ. "ఒగ రికార్డు ఇనేదానికి ముసిలోళ్లయినారు."

ఎడమ తీగ మళ్లీ పెట్టి, ముల్లు కాస్త వెనక్కి జరిపాను. అదే చోట, పరుగెత్తుతున్న నాయన కోసం నాదస్వరం సాగదీస్తున్న స్వరాన్ని తుంచుకుని వచ్చి కలిసింది. పెద్దాయన తాళం మళ్లీ తప్పింది.

"ఇంగోసారి పెట్టప్పా," అన్నాడు పంచె సర్దుకుని, రికార్డు దగ్గరికి జరుగుతూ. "ఈసారి పట్టుకుంటా మీ నాయన్ని."