వెల్కా నీళ్లు ఎక్కువ పోసిన శనివారం

డాన్యూబ్ నది ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్లో నాటకాల పిచ్చి ఎంతటిదంటే, రొట్టెల కొట్టు ముందు నిలబడ్డవాళ్లు కూడా రెండు పార్టీలుగా చీలిపోయారు. సగం మంది రుమెన పార్టీ, సగం మంది దెసీ పార్టీ. నాటకంలో పడవవాడి కూతురి వేషం ఒక్కటే; ఇరవై దాటీ దాటని ఈ ఇద్దరమ్మాయిలూ దాన్ని రోజు మార్చి రోజు వేస్తున్నారు. రుమెన నిలువెత్తు మనిషి, గొంతెత్తిందంటే రేవు దాకా వినిపిస్తుంది. దెసీ పొట్టిది, బొద్దుగా ఉంటుంది; మెల్లగా మాట్లాడి జనాన్ని కుర్చీల్లోంచి ముందుకు వంగేలా చేస్తుంది. ఎవరు మేలన్నదానికి ఊళ్లో ప్రతివాడి దగ్గరా ఒక తీర్పుంది. లేనిది ఒక్క వెల్కా దగ్గరే.

వెల్కా ఆ నాటకశాలలో దుస్తులు చూసే మనిషి. ఇరవై రెండో ఏట చేతితొడుగుల ఫ్యాక్టరీ మానేసి ఇక్కడ చేరింది. ముప్పై ఆరేళ్లుగా కుట్లు విప్పుతోంది, వేస్తోంది. ఇన్నేళ్లలో ఒక్క నాటకాన్ని కూడా జనంలో కూర్చుని చూసిన పాపాన పోలేదు. పక్క తెర సందులోంచి సగం చూసేది, మిగతా సగం ఆమెకు బట్టలే చెప్పేవి.

ఈ నాటకానికి నీలం గౌను ఒక్కటే. రెండోది కుట్టించమంటే మేనేజర్ చేతులెత్తేశాడు. కాబట్టి రుమెన రోజున అంచు నాలుగు వేళ్లు దించడం, దెసీ రోజున మళ్లీ నాలుగు వేళ్లు మడవడం వెల్కా పని. రుమెన వేసిన మర్నాడు చంకల్లో కుట్లు పిగిలి ఉండేవి. తండ్రి మీద తిరగబడే చోట ఆ పిల్ల చేతులు విసిరే తీరు అది. దెసీ వేసిన మర్నాడు మోకాళ్ల దగ్గర గుడ్డ అరిగి మట్టి కొట్టుకుపోయి ఉండేది. అదే చోట ఈ పిల్ల తండ్రి కాళ్ల ముందు కూలబడేది.

"ఎవరు గొప్ప, వెల్కక్కా? నీకన్నా తెలిసినవాళ్లెవరున్నారు?" అని దర్శకుడు బోజిన్ కూడా ఒకసారి అడిగాడు.

"ఒకతి చంకలు కుట్టిస్తుంది, ఇంకొకతి మోకాళ్లు ఉతికిస్తుంది. నాకు ఇద్దరూ శత్రువులే," అంది వెల్కా.

అలా అనక ఏం చేస్తుంది! చర్చిలో పేరు పెట్టిననాడు దెసీని చేతుల్లో ఎత్తుకుని దేవుడి ముందు మాటిచ్చింది వెల్కాయే. అంటే ఆ పిల్ల ఆమెకు సగం కూతురు. 'తన పిల్లకు అంచు తిన్నగా మడుస్తుంది, రుమెనకు వంకరగా మడుస్తుంది' అని ఎవరైనా ఒక్క మాటన్నారా, ముప్పై ఆరేళ్ల పరువు డాన్యూబ్‌లో కలిసినట్టే.

ఇంతలో రాజధాని సోఫియాలోని పెద్ద నాటకశాల నుంచి ఒకావిడ కొత్త నటిని వెతుక్కుంటూ శనివారం నాటకం చూడటానికి వస్తోందని తెలిసింది. శనివారం రుమెన వంతు. దెసీ బట్టల గదిలోకొచ్చి వెల్కా పక్కన చేరింది.

"పెద్దమ్మా, బోజిన్‌తో ఒక్క మాట అను. వంతు మార్చమను. నీ మాట తీసెయ్యడు."

"నేననను."

"నేను నీ పిల్లని కానా?"

"అందుకే అననే! వేరేవాళ్ల పిల్లవైతే అనేదాన్నేమో."

దెసీ మూడు రోజులు మాట్లాడలేదు. అయినా వెల్కా మాట మార్చుకోలేదు.

శనివారం రానే వచ్చింది. ఆ ఊరి ఆచారం ప్రకారం మంచి పనికి బయల్దేరేవాళ్ల ముందు గడప మీద కాసిని నీళ్లు పోయాలి, పని నీళ్లలా సాగిపోవాలి. వేషం కట్టినవాళ్లకు వెల్కా రోజూ రాగి చెంబుతో ఒక దోసెడు పోసేది. ఆ రోజు మాత్రం నడవాలో నిలబడ్డవాళ్లందరి చూపూ చెంబు మీదే ఉన్నట్టనిపించింది. రుమెనకూ దెసీకి పోసినన్ని పోస్తుందా, తగ్గిస్తుందా? ఆమెకు రోషం వచ్చింది. చెంబు చెంబూ గుమ్మరించేసింది.

"సాగిపో తల్లీ!"

"పిన్నీ, ఇది దీవెనా, స్నానమా?" అంటూ రుమెన గౌను ఎత్తిపట్టుకుని ఒక్క గెంతు గెంతింది.

మొదటి అంకం దద్దరిల్లింది. విరామంలో "పిన్నీ, విన్నావా ఆ చప్పట్లు!" అని అరుస్తూ రుమెన పరిగెత్తుకొచ్చింది, గడప దగ్గర ఆరని నీళ్లలో కాలు వేసింది, దబ్బున పడింది. చీలమండ చూస్తుండగానే బన్ను రొట్టెలా పొంగింది.

నడవాలో ఉన్నవాళ్లంతా వెల్కా వైపు తిరిగారు. "అయితే ఇక దెసీయే వెయ్యాలన్నమాట," అన్నాడు మేనేజర్, ఒక్కో అక్షరం నొక్కి.

వెల్కా చెంబుతో సహా నేల మీద చతికిలబడింది. "నేనే పోశాను... నా చేతులు విరగ!" అంటూ ఏడ్చేసింది.

రుమెన నొప్పితో పళ్లు కొరుకుతూనే నవ్వడం మొదలుపెట్టింది. "దెసీకి రోజూ దోసెడే పోస్తావు, నాకివాళ చెంబెడు పోశావు, నేను చూడలేదా? నన్ను పడేసింది నీ పక్షపాతం కాదు పిన్నీ, నీ న్యాయం! ఏడుపాపి సూది తియ్యి."

పై బాల్కనీలోంచి దెసీ దిగొచ్చింది. "ఇవాళ నా రోజు కాదు, నేను వెయ్యను," అంది.

"నోర్మూసుకుని తొడుక్కో," అంటూ రుమెన గౌను విప్పి మీదికి విసిరింది.

ఒంటి మీద బట్ట కుట్టేటప్పుడు ఆ మనిషి పళ్ల మధ్య దారం ఉండాలి, లేకపోతే తెలివి కూడా కుట్టుకుపోతుందంటారు అక్కడ. వెల్కా దెసీ నోట్లో దారం పెట్టి అంచు మడవసాగింది. రుమెన చన్నీళ్ల బకెట్లో కాలు పెట్టుకుని కూర్చుని రెండో వైపు అందుకుంది.

"నేను మొదటి అంకం కోపంగా ఆపాను. నువ్వు ఒక్కసారే మెత్తబడకు, జనం తికమకపడతారు. ఎడమ పక్క మెట్టు ఊగుతోంది, చూసుకో," అంది. కాసేపు కుట్టి, తలెత్తకుండానే మళ్లీ అంది. "నువ్వు కూలబడే చోటుంది చూడు, అది నాకు రాదు. ఇంట్లో ఎన్నిసార్లు పడి చూశానో! నీ మీద ఏడుపుగా ఉండేది."

దెసీ కళ్లు నిండిపోయాయి. ఏదో అనబోయింది.

"దారం!" అని గద్దించింది వెల్కా.

తెర లేచింది. ముందు వరసలో ఒక ముసలి పడవ సరంగు ఉలిక్కిపడి, "ఓరి నాయనో! పిల్లని డాన్యూబ్‌లో ముంచి తీశారా ఏంటి, కుంచించుకుపోయింది!" అని గట్టిగా అనేశాడు. హాలంతా గొల్లుమంది. దెసీ ఆ నవ్వు పూర్తిగా అయ్యేదాకా ఆగింది. ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. తండ్రి కాళ్ల ముందు కూలబడేసరికి దగ్గేవాడు కూడా దగ్గు మింగాడు. అక్కడితో ఆగకుండా చివాలున లేచి రుమెనలా చేతులు విసిరింది. చంక కుట్టు పటపటమనడం పక్క తెర దగ్గరున్న వెల్కాకు స్పష్టంగా వినిపించింది. కుట్టు పోయినందుకు అంత సంతోషం ఆమెకు జన్మలో కలగలేదు.

చివర్లో రుమెన పాత కోటు కప్పుకుని, బోజిన్ భుజం పట్టుకుని కుంటుతూ వేదిక మీదికొచ్చింది. సోఫియా ఆవిడ తెల్లపూల గుత్తితో మెట్లెక్కింది.

"ఒక్కరే అనుకుని ఒక్క గుత్తే తెచ్చాను. ఇద్దరి పేర్లూ రాసుకున్నాను గానీ పూలెవరికో తేల్చడం నా వల్ల కాదు. మీరే పంచుకోండి."

రుమెన లెక్కపెట్టింది. ఏడు. "నాకు మూడు, నీకు నాలుగు."

"నాలుగా? నన్ను పాతిపెడతావా?" అంది దెసీ. సరిసంఖ్య పూలు సమాధులకేనని ఆ ఊళ్లో ఉగ్గు తాగే పిల్లకు కూడా తెలుసు.

"పోనీ, నాకే నాలుగు."

"అసలే కాలు పోయినదానివి, నీకు మరీ వద్దు!"

ఇద్దరూ ఒక్కసారే పక్క తెర వైపు చూశారు. దెసీ వెళ్లి, మణికట్టుకు సూదుల దిండుతో నిలబడ్డ వెల్కాను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. చెరో మూడూ ఉంచుకుని, మిగిలిన ఒక్క పువ్వూ ఆమె చేతిలో పెట్టారు. జనం లేచి నిలబడ్డారు. రెండు పార్టీలూ కలిసి ఒక్కటిగా చప్పట్లు కొట్టడం ఆ ఊరికి అదే మొదలు.

"ఇప్పుడైనా చెప్పు పెద్దమ్మా, ఎవరు గొప్ప?" అని చెవిలో గొణిగింది దెసీ.

"ముందెళ్లి ఆ గడప తుడవండే, ఇంకెవరైనా పడతారు," అంది వెల్కా, ముక్కు ఎగబీలుస్తూ.

ముప్పై ఆరేళ్లుగా ఆమె ఇంకొకరి పూలకు నీళ్లు మారుస్తూనే వచ్చింది. ఆదివారం ఉదయం నీలం గౌను ముందేసుకుని, చంకలూ మోకాళ్లూ బాగుచేయడానికి కూర్చునే ముందు, గ్లాసులో ఉన్న తన పువ్వుకు నీళ్లు మార్చుకుంది.