ఖాళీ అని నేను సంతకం పెట్టిన గులకరాళ్లు

ఆ వార్త నాకు మొదట తెచ్చింది శ్రావణి. నిజామాబాదు వైపు పిల్ల. విండ్సర్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ కాలేజీలో చదివేది, పొద్దునపూట సరస్సు ఒడ్డున ఒక కాఫీ షాపులో పనిచేసేది. ఇక్కడి కాలేజీలన్నీ మన పిల్లలతో కిక్కిరిసిపోయిన ఆ ఏళ్లలో, ఒక మే నెల శుక్రవారం సాయంత్రం. నేనప్పుడు చేపల ఆవాసాలను పరిశీలించే ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ బయాలజిస్టుని. రిటైర్మెంటుకు ఆరు నెలలుంది. దేవుడి దయవల్ల అప్పటిదాకా నా రిపోర్టు ఒక్కటీ వెనక్కి రాలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ సంగతి ఆయనకు గుర్తుచేస్తూ ఉండేదాన్ని కూడా.

"ఆంటీ, మీరు లేవన్న చేపలు ఆడ నిలబడి ఉన్నయి," అంది.

ఆడ అంటే, ఆ కాఫీ షాపు ఎదుట సరస్సు ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన చిన్న బే. దాని ముఖద్వారంలో గులకరాళ్ల మేట ఒకటుంది. ఒక మెరీనా వాళ్లు ఆ మేటను పూడ్చి పడవల రేవు పెంచుకుంటామని దరఖాస్తు పెట్టారు. బాస్ అనే జాతి చేపలు గుడ్లు పెట్టే కాలంలో నీళ్లలో యంత్రాలు దించకూడదని ఇక్కడి నియమం. అయితే ఆ మేట మీద బాస్ లేవని బయాలజిస్టు రాసిస్తే మినహాయింపు దొరుకుతుంది. రాసిచ్చింది నేనే. సోమవారం పని మొదలు. ఒడ్డున బోర్డు మీద అంటించిన నోటీసులో నా పేరు, హోదా, సంతకం అన్నీ ఉన్నాయి. శ్రావణి తన బ్రేక్‌లో అది చదివి, నీళ్లలోకి తొంగిచూసింది.

"అవి బాస్ అని నీకెలా తెలుసమ్మా?" అన్నాను, కాస్త బయాలజిస్టు గొంతుతో.

"నోరు కన్ను దాటి పోలే. ఒంటి మీద నిలువు పట్టీలున్నయి. మా నాయిన చెరువుల చేపలు పడ్తడు ఆంటీ, గుడ్డు కాడ నిలబడ్డ చేపను గుర్తుపట్టనా?"

వర్ణన స్మాల్‌మౌత్ అనే చిన్ననోటి బాస్‌కు అచ్చంగా సరిపోయింది. లార్జ్‌మౌత్‌కైతే పేరుకు తగ్గట్టు నోరు కన్ను దాటి వెనక్కి పోతుంది, ఒంటి మీద అడ్డంగా ఒకటే చార ఉంటుంది. అయినా నాకు మింగుడుపడలేదు. నిరుడు ఆగస్టులో మూడు రోజులు ఆ బేలో తిరిగాను. నీళ్లలోకి కొద్దిగా కరెంటు వదిలి, చేపలను క్షణకాలం మత్తులో పడేసి, లెక్కపెట్టి వదిలేసే పడవ మాది. బే లోపలి నాచులో లార్జ్‌మౌత్ దొరికాయి. మేట మీద ఒక్కటీ లేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను.

అప్పుడు శ్రావణి అంది: "ఆంటీ, బేస్‌మెంట్ల ఎంతమందిమి ఉంటం?"

"నలుగురు."

"ఎట్ల తెల్సు?"

ఎలా తెలుసో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. రోజూ సాయంత్రం దీపం పెట్టాక పక్కగుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు లెక్కపెట్టేదాన్ని. లీజులో నలుగురు. నాలుగు జతలే ఉండేవి.

"ఆరుగురం," అంది. "మీరొచ్చే యాళ్లకు ఇద్దరు వేర్‌హౌస్ షిఫ్టుల ఉంటరు, వాళ్ల బూట్లు వాళ్ల కాళ్లకే ఉంటయి. వాళ్లొచ్చేటాలకు మేమిద్దరం లేచి పోతం. ఒక్క మంచం మీద ఇద్దరు, ఇద్దరికీ నిద్ర సరిపోతది. ఖాళీ చెయ్యమంటే చేస్తం ఆంటీ. గానీ సోమవారం లోపల ఆ చేపల సంగతి చూడుర్రి."

తను తలదాచుకునే చోటును తనే పణంగా పెట్టి ఆ పిల్ల నాకు నేర్పుతున్నది నేను ముప్పై ఏళ్లుగా జీతం తీసుకుంటున్న పాఠం. బాస్ జాతులు ఒకే బేను కాలాలుగా పంచుకుంటాయి. వసంతంలో నీళ్లు కాస్త వెచ్చబడగానే స్మాల్‌మౌత్ గులకరాళ్ల మీదికి వస్తుంది. ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది, తండ్రి తిండి మానేసి కాపలా కాస్తాడు. (ఈ సంగతి మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో.) నీళ్లు ఇంకొంచెం వెచ్చబడ్డాక లోపలి నాచులో లార్జ్‌మౌత్ గూడు పెడుతుంది. ఎండలు ముదిరితే స్మాల్‌మౌత్ లోతు రాళ్లకు వెళ్లిపోతుంది, దాని చుట్టమైన రాక్ బాస్ రేవు కింది నీడ ఆక్రమిస్తుంది. ఆకులు రాలే వేళకు పెద్దనోరూ చిన్ననోరూ నాచు అంచున కలుస్తాయి. చలికాలం స్మాల్‌మౌత్ ఏదో లోతు గుంటలో గుంపుగా కదలకుండా పడుంటుంది, లార్జ్‌మౌత్ బేలోనే మంచుకింద ఓపిక పడుతుంది. ఒకే మంచం, వేరువేరు షిఫ్టులు. నేను ఆగస్టులో వెళ్లి చెప్పులు లెక్కపెట్టి వచ్చానన్నమాట.

పదో తరగతి పరీక్ష దాకా నేను బడి గడప తొక్కలేదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. రోజూ ఒక పక్షినో మబ్బునో చూసి నోట్‌బుక్‌లో రాయమనేవారు. రాశాక, ఏ కిటికీలోంచి చూశావో, ఎన్ని గంటలకో అదీ రాయి అనేవారు. డిగ్రీలు వచ్చాక ఆ కిటికీ సంగతి నేనే వదిలేశాను.

శనివారం పొద్దున్నే శ్రావణిని కారెక్కించుకుని వెళ్లాను. నీళ్ల మీది మెరుపును తీసేసే కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, తోకతో శుభ్రంగా ఊడ్చిన పళ్లేల్లాంటి గుంటలు పదకొండు. ఒక్కో దాని మీద ఒక్కో తండ్రి, రెక్కలాడిస్తూ. థర్మామీటరు దించి, ఫొటోలు తీసి, టైము రాసుకున్నాను. విష్ణుమూర్తి మత్స్యావతారంలో ఏ జాతి చేపో పురాణాలు చెప్పలేదు గానీ, ఆ పూట ఆయన చిన్ననోటితోనే నావైపు చూస్తున్నాడనిపించింది.

అక్కడినుంచే మా సూపర్‌వైజర్ డగ్‌కు ఫోన్ చేశాను. నీ రిపోర్టును నువ్వే కొట్టేస్తావా, వెళ్లిపోయే ఏడాదిలో ఎందుకీ గొడవ అన్నాడు. ఊరెళ్లినవాళ్ల ఇంటి తాళం చూసి పాడుబడిన కొంప అని రాశాను డగ్, సంతకం వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. అందుకు కావలసిన ఫారం నంబరు చెప్పాడు. మంచివాడు, ఆయనకు నా కృతజ్ఞతలు.

సోమవారం యంత్రం వచ్చింది, ఒడ్డునే ఆగింది. తండ్రులు పిల్లలను వదిలిపెట్టేదాకా అక్కడే తుప్పుపట్టింది. తరువాత రేవు పెంపు మేటను వదిలి అవతలికి జరిగింది. నా ఫైల్లో శ్రద్ధాలోపం గురించి ఒక ఉత్తరం చేరింది. అందులో తప్పేమీ లేదు.

బేస్‌మెంట్ సంగతికొస్తే, ఇద్దరిని పైగదిలోకి తెచ్చాను. మా ఆయన శ్రావణిని అడిగింది ఒక్కటే: "ఇంకా ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యమ్మా, పప్పు ఆ లెక్కన పడేస్తాను."

ఆ ఉదంతం నేర్పింది చెబుతాను. ఒక కాలంలో చూసి ఖాళీ అని రాయకూడదు. ఫలానా రోజు, ఫలానా గంటకు నాకు కనబడలేదు అని రాయాలి. మిగిలిన ఆరు నెలలూ అలాగే రాశాను.

సవరించిన రిపోర్టులో 'చూసినవారు' అనే గడికి ఉద్యోగి సంఖ్య కావాలి. శ్రావణికి అది లేదు. అందుకని ప్రజల్లో ఒకరు అని రాయాల్సి వచ్చింది. చదువయ్యాక వర్క్ పర్మిట్ గడువు తీరి ఆమె ఈ దేశం నుంచి వెళ్లిపోయింది. ఏ కాగితం మీదా ఆమె పేరు లేదు. మీరు ఈసారి గుడికి వెళితే అర్చనలో శ్రావణి పేరు ఒక్కసారి చెప్పించండి. గోత్రం నాకు తెలియదు. పూజారిగారు గట్టిగా అడిగితే విండ్సర్ బేస్‌మెంట్ అనండి.