గట్టెక్కించిన పళ్ళచక్రం

మొన్న మా మనవరాలికి సైకిలు కొందామని రాజమండ్రిలో ఒక దుకాణానికి వెళితే, అక్కడి అతను హ్యాండిలుకున్న చిన్న మీటను బొటనవేలితో నొక్కి, వెనక చక్రం దగ్గర మెట్లు మెట్లుగా పేర్చిన పళ్ళచక్రాల మీద చైను ఒకదాని నుంచి మరొకదానికి టక్కున దూకడం చూపించి, "ఎత్తు వస్తే ఇలా పెట్టుకోవాలండి, కాళ్ళు నొప్పెట్టవు" అన్నాడు. మనవరాలు రంగులు చూసుకుంటోంది. నేను మాత్రం ఆ చైను వంకే చూస్తూ నిలబడిపోయాను. మన రోజుల్లో సైకిలుకి ఎత్తుకొకటి, పల్లానికొకటి ఎక్కడున్నాయి? ముందొక చక్రం, వెనకొక చక్రం, మధ్యన చైను, అంతే కదా. ఆ ఉన్నవాటినే నాకూ, నా దారికీ కుదిరేలా చూసి వేయించిన మనిషి ఒకరున్నారు. ఆయన మా మావగారు.

పెళ్ళయిన కొత్తల్లోనే నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. కోనసీమలో ఏటిగట్టు పక్క ఊళ్ళో సబ్ సెంటరు. నా కింద ఉన్న ఊళ్ళలో కొన్ని గట్టుకి ఇవతల, కొన్ని అవతల గోదావరి వైపు లంకల్లో ఉండేవి. నేలంతా అరచేయిలా చదునుగా ఉండే సీమలో ఎత్తేమిటని మీరు నవ్వుకోవచ్చు గానీ, ఆ గట్టెక్కి దిగే వాలుల మీద, వెనక టీకా మందుల డబ్బా, ముందు బుట్టలో కాన్పు సంచి పెట్టుకుని సైకిలు తొక్కినవాళ్ళకే తెలుస్తుంది. పెద్దాడు పుట్టిన తర్వాత నాకు ఆయాసం పట్టుకుంది. సగం వాలు ఎక్కేసరికి గుండె గొంతులోకి వచ్చేది, దిగి నెట్టుకుంటూ పైకి చేరేసరికి చేతులు వణికేవి. పని చేయాల్సిన ఇంటికి వెళ్ళి, ముందు అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగే నర్సునైపోయాను.

ఇంట్లో చెప్పడానికి భయం. చంటిబిడ్డని అత్తగారు చూసుకునేవారు. మానెయ్యమని ఎవరూ అనలేదు గానీ, అలా అనడానికి ఒక్క సాకు దొరికితే చాలన్నట్టు నాకనిపించేది. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం.

ఒకరోజు పొద్దున సగం వాలులో సైకిలుకి ఆనుకుని రొప్పుతూ నిలబడి ఉంటే, గట్టు మీద నుంచి మావగారు నన్ను చూశారు. బియ్యం మిల్లులో ఇంజను డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, మాట చాలా తక్కువ. అక్కడి నుంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. మర్నాడు ఆదివారం లేచి చూద్దును కదా, వసారాలో నా సైకిలు లేదు. "ఎక్కడికో నడిపించుకుపోయారమ్మా, నాకేం చెప్పలేదు" అన్నారు అత్తగారు. అమ్మేయడానికే తీసుకెళ్ళారనుకున్నాను. ఆ పూట పప్పు మాడగొట్టాను, పొయ్యి పొగ వంక పెట్టి ఏడ్చాను.

మధ్యాహ్నం దాటాక ఆయన చేతులనిండా గ్రీజుతో సైకిలు నడిపించుకుంటూ వచ్చి, "ఎక్కి చూడమ్మాయ్" అన్నారు. ముందున్న పెద్ద పళ్ళచక్రం పోయి చిన్నది వచ్చింది, వెనకున్న చిన్నది పోయి పెద్దది వచ్చింది. గట్టు వాలు ఎవరో వెనక నుంచి తోసినట్టు ఎక్కేశాను. తీరా చదును బాట మీదకొస్తే కాళ్ళు గిర్రున తిరగడమే గానీ బండి కదలదు. గడ్డిమోపుతో నడిచివెళ్ళే ఆవిడ నన్ను దాటిపోతూ, "ఏంటండీ నర్సమ్మగారూ, కుట్టుమిషను తొక్కుతున్నారా?" అని ఒకటే నవ్వు. నాకు సిగ్గేసింది గానీ మావగారు మాత్రం నా మోకాళ్ళ వంకే చూస్తున్నారు.

"రెండూ మార్చడం ఎక్కువైపోయింది. తేలికైంది గానీ నడక చచ్చిపోయింది" అంటూ మళ్ళీ సైకిలు షాపుకి బయల్దేరారు. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. షాపతను వెనక ఇరవై పళ్ళది వేద్దామన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. "ముందు పాత నలభై నాలుగు పళ్ళదే పెట్టెయ్. వెనక ఈ ఇరవైరెండుదే ఉండనీ. అమ్మాయి ఒకసారి తొక్కితే చక్రం రెండుసార్లు తిరగాలి. ఇదివరకు రెండున్నర తిరిగేది, ఆ అర చుట్టే అమ్మాయి ఊపిరి తీస్తోంది" అన్నారు. పొద్దున కోసేసిన చైను లింకులు మళ్ళీ కలిపినా చాలక, ఇంకో ముక్క అతికించాల్సి వచ్చింది. చైను బిగువు వేలితో నొక్కి చూసి, చక్రం కాస్త వెనక్కి లాగించి, అప్పుడు నాకిచ్చారు. ఈసారి వాలూ ఎక్కింది, బాటా సాగింది. నేను దిగగానే ఆయన, మర్నాడు నేను టీకా మందుల డబ్బా కట్టుకోవాల్సిన వెనక క్యారియరు బిగువు కూడా చూసి పెట్టారు.

తర్వాత కొద్దిరోజులకే, ఒక మధ్యాహ్నం లంక నుంచి ఒకతను పరుగెత్తుకొచ్చాడు. "మా ఇంటిదానికి నొప్పులొచ్చేశాయండి, తొలికాన్పండి, ఏరు దాటించే పంటు అవతలి రేవులో ఉండిపోయిందండి" అన్నాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే దారి లేదు. ఎక్కిన సైకిలు దిగకుండా గట్టెక్కి, అవతలికి దిగి, ఇసుకబాట దాకా తొక్కుకుంటూ పోయాను. అక్కడ దిగి, వాళ్ళింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంటుంటే అప్పుడు గమనించాను, నా చేతులు వణకడం లేదు. బిడ్డ తల బయటికొచ్చేసరికి మెడకి పేగు చుట్టుకుని ఉంది. వేలు దూర్చి, మెల్లగా వదులు చేసి, తల మీదుగా తప్పించాను. బిడ్డ పూర్తిగా బయటికి రాగానే గుడ్డతో వీపు రుద్దాను. తర్వాత ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకి నా ఒళ్ళంతా ఒక్కసారి తేలికైపోయి, అక్కడే గోడకి ఆనుకుని నేనూ ఏడ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు నీళ్ళు తోడి పెట్టారు. మావగారు అంతా విని, "గట్టు మీద దిగావా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. తలూపి, పడక కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. అంత నిశ్చింతగా ఆయన ముఖం నేను మళ్ళీ చూడలేదు. నేను పదవీ విరమణ దాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాను.

ఇప్పుడు ఆ గట్టు మీద తారు రోడ్డు. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, కాన్పులన్నీ ఆసుపత్రిలోనే. నా తర్వాత వచ్చిన అమ్మాయిలు స్కూటర్ల మీద రివ్వున పోతుంటే, వీళ్ళకి ఆ ఆయాసం తప్పిందని నిజంగా ఎంతో హాయిగా ఉంటుంది. ఒక్కటే బెంగ. ఆ ఇరవైరెండు పళ్ళ చక్రంతో నేను మరీ జోరుగా పోలేకపోయేదాన్ని. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు కాస్త అడుగు పెంచి సైకిలు పక్కనే నడుస్తూ, హ్యాండిలు మీద చెయ్యి వేసి, ఇంట్లో మగవాళ్ళ ముందు చెప్పుకోలేని కడుపు నొప్పులూ, తప్పిన నెలలూ నాకు చెప్పుకునేవారు. ఇప్పటి స్కూటరు పక్కన ఎవరు నడవగలరు? ఆ మాటలన్నీ వాళ్ళు ఎవరికి చెప్పుకుంటున్నారో.