నీలి పెట్టని తువ్వాలు

పన్నెండు రోజుల కిందట ఎస్టీడీ బూత్ అతను మా గుమ్మంలోకి వచ్చి మంచినీళ్లు అడిగాడు. తాగాక చెప్పాడు. వడ్డాదిలో పెళ్లి వీడియో తీస్తూ మా అన్నయ్య కూలిపోయాడట, ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయిందట. నాకు వెంటనే ఏడుపు రాలేదు. పొయ్యి మీద అన్నం ఉంటే దించాను. ఇప్పుడు మాత్రం ఆగడం లేదు.

చోడవరం చుట్టుపక్కల పెళ్లిళ్లు చాలావరకు అన్నయ్య తీసినవే. అప్పట్లో ఒక్కదాంట్లోనూ నేను ఉండేదాన్ని కాదు. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. కెమెరా కనిపిస్తే చాలు, వంటవాళ్ల దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. అన్నయ్య బతిమాలేవాడు కాదు. నేను కుంటకుండా కదిలేది మా చెరకుతోట నూతిలో ఒక్కచోటే అని తనకి తెలుసు. బెండు కట్టి ఈత నేర్పింది తనే.

ఒక వేసవిలో అద్దాల పెట్టె చేయించి, కెమెరా అందులో పెట్టాడు. బటన్లు నొక్కడానికి పక్కన రబ్బరు తొడుగు అతికించాడు. నూతిలోకి కరెంటు లైటు దింపితే ఇద్దరం చస్తాం, నడినెత్తి ఎండ చాలన్నాడు.

"ఒక్కసారి రాయే. నిన్ను నువ్వు సూసుకోవాల," అన్నాడు.

ఎర్ర పరికిణీ కట్టుకుని దిగాను. తీరా టీవీలో చూస్తే అంతా పాచిరంగు, నా పరికిణీ నల్లగా ఉంది. దిగకముందు అన్నయ్య గట్టు మీదే తెల్లగుడ్డ చూపించి, ఇదీ తెలుపు అని కెమెరాకి చెప్పేశాడు. దాన్ని బట్టే అది మిగతా రంగులన్నీ పోల్చుకుంటుందట. లోపలికి పోయేకొద్దీ నీళ్లు ఎరుపుని మింగేస్తాయని తర్వాత తెలిసింది. మర్నాడు నేనుతికిన తువ్వాలు నూతిలోకే తెచ్చి, నేను ఈదే లోతులో కెమెరాకి చూపించి బటన్ నొక్కాడు. ఈసారి నా మొహం కామెర్లొచ్చినట్టు పచ్చగా వచ్చింది. నాకు ఒళ్లు మండి, ఇక దిగనన్నాను. అన్నయ్య ఆ తువ్వాలు ఎండలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది తెలుపు కాదే, నీలి. కెమెరాకి మనం అబద్ధం సెప్తే, అది మనకి సెప్తాది."

తెల్లబట్ట ఏదైనా నీలిమందులో ముంచకుండా ఆరేసే అలవాటు నాకు లేదు. తప్పు నాదేనని తేలాక మళ్లీ దిగక తప్పలేదు. కొత్త తువ్వాలు కొన్నాడు. దానికి నీలి తగలనివ్వొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

ఆ రోజు టీవీలో ఎరుపు ఎర్రగా ఉంది. నీళ్లలో విప్పారిన పరికిణీ లోపల ఏ కాలు ఏదో నాకే తెలియలేదు. అన్నయ్య నావైపు తిరగకుండా, "సూసేవా?" అన్నాడు. నేను పలకలేదు. ఒక్క మాట అనాల్సింది. ఎంత మొద్దుదాన్నో.

ఆ తర్వాత ప్రతి పెళ్లికీ నన్ను తీసుకెళ్లేవాడు. అందరికంటే ముందు కెమెరా ఎదుట నిలబడి, ఆ తువ్వాలు ఎత్తి పట్టుకోవడం నా పని. వడ్డాదికి మాత్రం జ్వరం వచ్చి వెళ్లలేకపోయాను.

నిన్న తన బట్టలన్నీ ఉతికి, నీలిలో ముంచాను. కెమెరా సంచిలోని తువ్వాలు చేతికొచ్చేసరికి బకెట్ మీద చెయ్యి ఆగిపోయింది. దాన్ని విడిగా జాడించి పిండాను. ఆరేయబోతూ, పెళ్లిళ్లలో లాగే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. చేతులు లాగేదాకా అలాగే ఉన్నాను. చాల్లే దించు అనడానికి ఎదురుగా ఎవరూ లేరు.