ఒక్కడి ఆటలోకి దూరిన చంద్రకళ

గ్రీకు జానపద నృత్యం కూడా విశ్వవిద్యాలయంలో ఒక చదువేనని చంద్రకళకు ముప్పై మూడో ఏట తెలిసింది. తెలిసిన చోటు కెనడాలో గ్వెల్ఫ్ దగ్గరి ఒక విశ్వవిద్యాలయం రిజిస్ట్రేషన్ కౌంటరు. ఆమె వెనక నూటయాభై మంది లైన్లో ఉన్నారు. అందులో సగం మంది తెలుగులోనే విసుక్కుంటున్నారు.

"కోచింగ్ సీట్లు అయిపోయాయి. రిక్రియేషన్‌లో వెయిటింగ్ లిస్టు. ఫోక్ డ్యాన్స్ స్పెషలైజేషన్‌లో ఖాళీ ఉంది" అంది కౌంటర్లో అమ్మాయి.

"డ్యాన్సా?"

"గ్రీక్ ఫోక్ డ్యాన్స్. మిగతా సబ్జెక్టులన్నీ రిక్రియేషన్‌వే."

చంద్రకళ పెద్దపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు పీఈటీ టీచరుగా చేసిన మనిషి. ఖోఖోలో రాష్ట్రం తరఫున ఆడిన మనిషి. స్కూలు వాళ్లు గ్రౌండులో కొత్త బ్లాకు కట్టి, ఆమెను లైబ్రరీలో కూర్చోబెట్టి, బీరువా తాళాలు చేతికిచ్చారు. ఆ తాళాలు బల్ల మీద పెట్టేసి, స్పోర్ట్స్ కోచింగ్ చదువుతానని ఇంత దూరం వచ్చింది. ఇక్కడేమో ఆడమంటున్నారు, అదీ గ్రీకుల ఆట.

వెనక ఎవరో "అక్కా, తీస్కో అక్కా, అది కూడా పోతది" అన్నారు. తీసుకుంది.

అది 2022 సెప్టెంబరు. ఆ ఏడాదీ ఆ పై ఏడాదీ ఆ దేశానికి విద్యార్థులు వచ్చిపడిన తీరు చూసినవాళ్లకే తెలుస్తుంది. నలుగురు కుటుంబం ఉండే ఇంటి బేస్‌మెంట్లో ఏడుగురు ఆడపిల్లలు. బస్సెక్కితే నిలబడటానికి చోటు లేదు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగానికి వీధి మలుపు దాకా లైను. ఆ రద్దీలో నిండకుండా మిగిలిన బెంచీలు గ్రీకు నృత్యం క్లాసులోనే ఉండేవి. ఎప్పుడో అల్యూమినియం కిటికీల వ్యాపారంలో పైకొచ్చిన ఒక గ్రీకు పెద్దమనిషి, తన దీవి ఆటలు ఈ మంచులో మాసిపోకూడదని నిధి రాసిచ్చి పోయాడట. పిల్లలున్నా లేకున్నా పాఠం నడవాల్సిందే.

చదువు మొదలయ్యాక ఆమెకు రోజుకొక దిగ్భ్రాంతి. తీరికగా ఉండటం మీద మూడు పుస్తకాలున్నాయి. ముసలివాళ్లను నవ్వించడానికి లెసన్ ప్లాన్ రాయాలి. వలయం ఎటు తిరగాలి, ముందు ఏ కాలు కదలాలి అని మూడు గంటల రాతపరీక్ష. గ్రీకు భాషలో తీరిక అనే మాటే శతాబ్దాలు దొర్లి దొర్లి ఐరోపా భాషల్లో బడి అనే మాటగా మారిందని పాత గ్రంథాలు చెబుతాయి. బడి పిల్లలకు డ్రిల్లు పీరియడ్ తప్ప తీరిక ఇవ్వని ఊరి నుంచి వచ్చిన చంద్రకళకు ఆ ముక్క చెప్పినా నమ్మేది కాదు.

పాఠం చెప్పేది కాటెరీనా. ఏథెన్స్‌లో కోచింగ్, రిక్రియేషన్ వదిలేసి ఏరికోరి జానపద నృత్యమే స్పెషలైజేషన్‌గా తీసుకున్న మనిషి. "నన్ను మేడమ్ అనకు" అని నెలరోజులు చెప్పి చూసి ఊరుకుంది. చేతులు పట్టుకుని వరసగా తిరిగే కలమత్యానోస్ అనే ఆట మొదటి రోజు నేర్పింది. ఏడు దెబ్బల తాళం, మూడు, రెండు, రెండు. పిల్లలందరూ కాళ్లు తొక్కుకుంటుంటే చంద్రకళ రెండో చుట్టులోనే పట్టేసింది. మన మిశ్రచాపు అచ్చం అదే నడక. ఆమెకు ఆ పేరు తెలియదు గానీ, కాలికి తెలిసింది.

"నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు?" అంది కాటెరీనా, కళ్లు పెద్దవి చేసి.

"ఎక్కడా లేదు మేడమ్. తకిట తక తక అంతే కదా."

రెండో ఏడు ప్రాక్టికమ్ పడింది. ఊళ్లోని గ్రీకు వృద్ధుల సంఘం హాల్లో పది ఆదివారాలు ఆట నడిపించాలి. చివర్లో కాటెరీనా సంతకం చేస్తే కోర్సు పూర్తి. పూర్తయితేనే వర్క్ పర్మిట్‌కి అప్లై చేయడం. స్టడీ పర్మిట్ మే నెలతో సరి. చంద్రకళ ఈల మెడలో వేసుకుని దిగింది. తొమ్మిదేళ్ల అలవాటు, అది లేకపోతే గొంతులో మాట లేనట్టే. ముసలమ్మలు ఆ ఈలకు పడీ పడీ నవ్వారు. మూడో వారానికి ఆమె ఈల వేస్తేనే లేచేవారు.

లేవనివాడు ఒక్కడే, స్టావ్రోస్. ఎనభై ఒకటి. అక్కడి ఇనుప పోతల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు. కిటికీ పక్కన కుర్చీ, కర్ర, చల్లారిన కాఫీ. ఏడు ఆదివారాలు పిలిచింది, ఏడుసార్లూ తల అడ్డంగా ఊపాడు.

ఎనిమిదో ఆదివారం హాల్లో ఎవరిదో పేరు పండుగ, అంటే ఆ పేరున్న పునీతుడి రోజు. భోజనాలయ్యాక టొరంటో నుంచి వచ్చిన, బుజూకీ అనే తీగల వాద్యం వాయించేవాడి చెవిలో స్టావ్రోస్ ఏదో చెప్పాడు. పాట మొదలైంది. బరువైన, ఆగి ఆగి నడిచే పాట. ముసలాయన కర్రను కుర్చీకి ఆనించి, చేతులు రెండూ చాచి, హాలు మధ్యకు వెళ్లాడు. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. కొందరు మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా చప్పట్లు కొట్టసాగారు.

చంద్రకళ ఒళ్లు పులకరించింది. లేవనివాడు లేచాడు! ఇంతలోనే మనసు చివుక్కుమంది. అయ్యో, అందరూ జరిగిపోయారేమిటి? పెద్దాయనను ఒక్కణ్ణి వదిలేశారేమిటి? పెద్దపల్లిలో పెళ్లి బరాత్‌లో ఒక ముసలివాడు ఒంటరిగా ఆడుతుంటే, అతనికి నా అన్నవాళ్లు లేరని అర్థం. పరాయివాళ్లైనా సరే ఒకరు పక్కన అడుగు కలపాలి. ఆమె రెండంగల్లో మధ్యలోకి దూకింది. ఈల నోట్లో పెట్టుకుంది. పీ, పీపీ, పీ! తీన్మార్ దెబ్బ. భుజాలు ఎగరేస్తూ ఆయన చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

బుజూకీ ఆగిపోయింది.

చాచిన చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. స్టావ్రోస్ ఆమెను చూశాడు. కోపం కాదది. ఇంట్లో నిద్రపోతున్న మనిషి కళ్లు తెరిస్తే ఎదురుగా ఎవరో అపరిచితుడు నిలబడి ఉన్నట్టు చూశాడు. చేతులు దించి, కర్ర తీసుకుని, కోటు వేసుకోకుండానే ఆ చలిలోకి వెళ్లిపోయాడు. వారం వారం చంద్రకళ బుగ్గలు గిల్లే ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

కాటెరీనా ఆమెను చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కుపోయింది.

"ఏం చేశావో తెలుసా? అది జేబేకికో. పాట అడిగినవాడిదే ఆట. ఇంకొకరు కాలు పెట్టకూడదు. మా తాతల కాలంలో దీనికి కత్తులు దూసుకునేవారు."

"కత్తులా!" అంది చంద్రకళ. "మరి క్లాసులో చెప్పలేదు కదా మేడమ్?"

కాటెరీనా నుదురు రుద్దుకుంది. "సిలబస్‌లో పదకొండో వారం అది. ఆయన భార్య డెస్పినా పోయి సరిగ్గా ఏడాది. ఆమె కోసం అడిగాడు ఆ పాట."

చంద్రకళ మెడలోంచి ఈల తీసి సంచిలో పడేసింది.

తొమ్మిదో ఆదివారం కిటికీ పక్కన కుర్చీ ఖాళీ. సంఘం పెద్దలు కాటెరీనాతో ఖచ్చితంగా చెప్పారు, స్టావ్రోస్ తిరిగి హాల్లో అడుగు పెట్టకపోతే ఆ అమ్మాయి కూడా పెట్టకూడదని. పెట్టకపోతే పది ఆదివారాలు నిండవు, సంతకం లేదు.

బేస్‌మెంట్లో ఆమె పక్క మంచం రిషితది. విజయవాడ పిల్ల, డేటా అనలిటిక్స్ చదువుతోంది. కథంతా విని నోరెళ్లబెట్టింది.

"ఈల వేశావా అక్కా? భార్య కోసం ఆడుతుంటే ఈలా?"

"నాకేం తెల్సు పిల్లా! పెద్దమనిషి ఒక్కడే ఆడుతుండని…"

"పోనీ సారీ కార్డు ఒకటి కొను. ఇక్కడ ప్రతిదానికీ కార్డు ఉంటుంది."

"దీనికి కూడా ఉంటదా?"

"దీనికి ఉండదులే" అంది రిషిత.

బుధవారం చంద్రకళ రెండు బస్సులు మారి, మోకాలి లోతు మంచులో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. స్టావ్రోస్ తలుపు తీశాడు. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"సారీ సర్."

"సారీ సంగతి సరే. ఎందుకు దూరావు?"

చంద్రకళ తోచింది చెప్పింది. "మా దగ్గర ఒక్కరినే ఆడనివ్వరు సర్."

"పెళ్లిళ్లలో. నేను చూశాను, ఫోన్లో."

"చావుల్లో కూడా సర్."

ఆయన కర్ర మీద చెయ్యి బిగిసింది. "ఏమన్నావు?"

"మా నాయనమ్మ పోయినప్పుడు పాడె ముందర డప్పు కొట్టిన్రు… కొట్టారు. మా నాన్న, చిన్నాయన ఆడారు. ఏడ్చుకుంటూనే ఆడారు. దారిలో వచ్చేవాళ్లు కూడా కలిసి ఆడారు. వాళ్లెవరో మాకు తెలియదు."

"తెలియనివాళ్లు? మీ నాయనమ్మ శవం ముందు?"

"అవును సర్. వాళ్లు కలవకపోతే మాకు అవమానం."

ఎనభై ఒక్కేళ్ల స్టావ్రోస్ బతుకులో చాలా చూశాడు. యుద్ధం చూశాడు, ఓడ చూశాడు, కరిగిన ఇనుము మనిషి చేతి మీద పడటం చూశాడు. కానీ ఇలాంటిది ఒకటి ఉంటుందని ఆయన ఊహకు కూడా అందలేదు. చలిగాలి ఇద్దరి మధ్య నుంచి ఇంట్లోకి పోతోంది.

"తాగి వెక్కిరిస్తున్నావనుకున్నాను" అన్నాడు చివరికి.

"నేను తాగను సర్!"

"అది ఇప్పుడు తెలుస్తోంది." మళ్లీ అడిగాడు. "మీ దేశంలో నువ్వేం ఆడేదానివి?"

ఖోఖో గురించి చెప్పింది. మాట చాలక, ఆ గుమ్మం ముందు మంచులోనే గొంతుక్కూర్చుని చూపించింది. వెనక నుంచి జట్టువాళ్లు వీపు తట్టి ఖో అనేదాకా లేవకూడదు, ముందే లేస్తే ఫౌల్.

"ఎంతసేపు?"

"వాళ్లు అనేదాకా."

స్టావ్రోస్ మీసం కదిలింది. "అంటే కూర్చోవడం నీకు వచ్చన్నమాట. ఆదివారం ఆ పాట మళ్లీ అడుగుతాను. కూర్చో, చూద్దాం" అని తలుపు వేసేశాడు.

పదో ఆదివారం హాలు నిండిపోయింది. కబురు ఎలా పాకిందో గానీ, ఏడాదికోసారి కూడా రానివాళ్లు వచ్చారు. కాటెరీనా ఒళ్లో మూల్యాంకనం కాగితాలు. పాట మొదలైంది. చంద్రకళ మిగతావాళ్లతో పాటు నేల మీద మోకాళ్లు ఆనించి చప్పట్లు అందుకుంది. తొమ్మిది దెబ్బలు. ఆమె కాలికి ఈ లెక్క అందలేదు. పక్క ముసలమ్మ చేతులు చూసి కొట్టింది.

స్టావ్రోస్ చేతులు చాచాడు. తూలాడు, నిలబడ్డాడు, ఒక కాలి మీద మెల్లగా తిరిగాడు. ఎవరినీ చూడటం లేదు. అప్పుడు, అంత వయసులో ఎవరూ చేయని పని చేశాడు. నడుం వంచి, మోకాలు దించి, అరచేత్తో నేలను ఒక్క చరుపు చరిచాడు. చరిచి, లేవలేకపోయాడు.

తొమ్మిదేళ్లలో పడిన పిల్లను ఏనాడూ అలా వదలలేదు చంద్రకళ. ఇక్కడి పుస్తకంలోనూ మొదటి పేజీ అదే, పాల్గొనేవారు కింద పడితే మొదట మీరే చేరాలి. కాటెరీనా వైపు చూసింది. ఏథెన్స్ డిగ్రీ, కెనడా సేఫ్టీ సర్టిఫికెట్ రెండూ ఉన్న కాటెరీనా పాలిపోయి, కుర్చీ అంచున సగం లేచి ఆగిపోయింది. తొమ్మిది దెబ్బలు పోయాయి. మరో తొమ్మిది. ముసలాయన మెడ నరాలు ఉబ్బాయి. చంద్రకళ చప్పట్లు ఆపలేదు. దవడలు బిగించుకుని, కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే, కొడుతూనే ఉంది. పరీక్ష సంగతి ఆమెకు గుర్తే లేదు.

స్టావ్రోస్ పిడికిలి తన మోకాలికే ఆనించుకుని, తనంతట తనే లేచాడు. ఇంకో చుట్టు తిరిగాడు. పాట అయిపోయింది. వెళ్లి కుర్చీలో కూర్చుని, కాఫీ అడిగాడు.

కాటెరీనా కాగితాలతో వచ్చి చంద్రకళ ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఒక గడి మీద పెన్ను పెట్టింది. "పడిన వ్యక్తికి సాయం అని ఉంది ఇక్కడ. నువ్వు వెళ్లలేదు. ఎందుకని?"

"ఆయన పడలేదు మేడమ్."

"మరి?"

"పాట అయిపోలేదు."

కాటెరీనా ఆ గడిని ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టి, కాగితం ఆమె చేతిలో పెట్టింది.

చంద్రకళ లేవబోయింది. పాట మొదలైనప్పటి నుంచి చల్లటి గచ్చు మీద ఉన్న కాళ్లు తిమ్మిరెక్కి, ఆమె మాట వినలేదు. కాగితంతో సహా పక్కకు దబ్బున పడింది. హాల్లో ఏడుగురు ముసలమ్మలు ఒకేసారి కేకలేస్తూ ఆమె మీదికి పరిగెత్తారు. వాళ్ల వెనక, దారి ఇవ్వమని గ్రీకులో తిడుతూ, కర్ర పొడుచుకుంటూ స్టావ్రోస్.