ఒక్క జాడింపు డాక్టరు

డాక్టరు మంచివాడో కాదో తెలుసుకోవడానికి లోకమంతా గోడమీది బోర్డు చదువుతుంది, లేదంటే ఆయన చేతిలో పడి బతికి బయటపడ్డవాళ్ళని అడుగుతుంది. ఆమెకి అవేవీ అక్కర్లేదు. ఆసుపత్రి నేలమాళిగలో, బట్టలు ఉతికే గదిలో, ఆపరేషన్ థియేటర్ల నుంచి వచ్చే మూటలు ఇరవై రెండేళ్ళుగా విప్పుతున్న మనిషి. అన్నీ ఆకుపచ్చ గుడ్డలే. మూటకో చీటీ ఉంటుంది, దాని మీద థియేటరు, డాక్టరు, మొదలైన టైము, అయిపోయిన టైము. మడతల్లో కత్తెరో క్లిప్పో మిగిలిందేమో దులిపి చూసి, సిమెంటు తొట్టిలో చల్లనీళ్ళతో జాడించి, నీళ్ళు తేటపడ్డాకే మిషన్లో వెయ్యాలి. రక్తం చల్లనీళ్ళకే వదులుతుంది. వేడి తగిలిందా, తాతలు దిగొచ్చినా ఆ మరక పోదు.

అందుకని ఆమె డాక్టర్లని జాడింపుల్లో కొలిచేది. ఒకాయన రెండు జాడింపులు, ఒకావిడ నాలుగు. సగంమంది మొహాలు ఎలా ఉంటాయో కూడా తెలియదు, అయినా తీర్పులు మాత్రం తడుముకోకుండా చెప్పేది. ఆడవాళ్ళ ఆపరేషన్లు చేసే పెద్దాయన గుడ్డలు ఎప్పుడూ ఒక్క జాడింపుకే తేటపడేవి. నెమ్మదైన మనిషి, మెట్ల మీద ఎదురైతే బాగున్నావా అమ్మా అని ఆగి మరీ పలకరించేవాడు. మూడో థియేటర్లో ఇంకొకాయన ఉన్నాడు. ఆయన మూట దించాలంటే ఇద్దరు పట్టాలి. ఆరో జాడింపుకి కూడా నీళ్ళు ఎర్రగానే ఉండేవి. ఆయనకి కసాయి అని పేరు పెట్టింది ఈ మహాతల్లే. ఆ పేరు నేలమాళిగలో పుట్టి పై అంతస్తుదాకా పాకింది, ఆయన చెవిన కూడా పడిందని చెప్పుకునేవాళ్ళు.

చుట్టుపక్కల వీధుల్లో ఎవరికి కడుపు కొయ్యాల్సి వచ్చినా ముందు ఆమె గుమ్మం తొక్కేవాళ్ళు. ఒక్క జాడింపాయన దగ్గరికి కళ్ళు మూసుకుని పొండి అనేది. చాలామంది క్షేమంగానే తిరిగొచ్చారు కూడా. ఆ గొప్పంతా తనదే అయినట్టు మురిసిపోయేది.

మూడేళ్ళ కిందట సొంత అక్కకి పొట్ట ఉబ్బితే, ఇంకెవరినీ అడగకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆయనకే అప్పగించింది. అక్కని లోపలికి తీసుకెళ్ళిన గంటలోపే బయటికి తెచ్చారు. మూట విప్పి చూస్తే గుడ్డల మీద అరచెయ్యంత మరక లేదు. ఆ తడి చేతులతోనే పైకి పరిగెత్తి, బెంచీ మీద కూర్చున్న అక్క కూతురిని కావలించుకుని, మీ అమ్మకేం కాదే అంది. డాక్టరు మాత్రం ముక్క తీసి పరీక్షకి పంపామనీ, జబ్బు లోపలంతా పాకిందనీ, ఇక మందులే దారి అనీ చెప్పాడు. అక్క ఏడు నెలలు బతికింది. అంత మంచి చెయ్యి పడినా దాని ఆయుష్షు అంతేనని పదిమందికీ చెప్పుకుని ఏడ్చింది. తల్లిలేని పిల్లని తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకుంది. ఆ పిల్లకి ఇప్పుడు ఇరవై ఏళ్ళు, కళ్ళజోళ్ళ కొట్లో పని చేస్తోంది.

ఇప్పుడు ఈమె వంతు వచ్చింది. తొట్టి మీదికి వంగితే కడుపులో ఏదో అడ్డం పడేది. నడుం దగ్గర బట్ట బిగుసుకుంటుంటే, కూర్చుని తిని లావెక్కుతున్నానేమో అనుకుంది. కూర్చునే తీరిక ఎక్కడ ఏడ్చిందో ఆమెకే తెలియాలి. స్కాను తీసిన అమ్మాయి కాగితం రాసి చేతికిచ్చింది. కుడి అండాశయంలో గడ్డ, పన్నెండు సెంటీమీటర్లు, లోపల కొంత నీరు, కొంత కండ. రక్తపరీక్షలో ముప్పై అయిదు దాటకూడని అంకె నాలుగు వందలుంది. ఆలోచించే పనే లేదన్నట్టు నేరుగా ఒక్క జాడింపాయన గదికి వెళ్ళింది. ఆయన కాగితాలు చూసి, భయపడకమ్మా, తెరిచి చూద్దాం అని గురువారం ఖాయం చేశాడు. ఆమె భర్త బస్సు డ్రైవరు, ఇంట్లో పూటకో మాట కంటే ఎక్కువ మాట్లాడడు. ఆయనే చేస్తున్నాడు కదా, ఇక పరవాలేదు అన్నాడు.

మంగళవారం పొద్దున, పోయిన క్లిప్పులు వెతుక్కుంటూ థియేటర్ పెద్ద సిస్టరు కిందికి వచ్చింది. ఇద్దరికీ పాత స్నేహం. మాటల్లో గురువారం సంగతి బయటపడింది. సిస్టరు ఎవరు చేస్తున్నారని అడిగింది, విన్నది, వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"గుడ్డలు శుభ్రంగా వస్తాయనేగా ఆయన్ని పట్టుకున్నావు?" అంది. "ఎందుకు శుభ్రంగా వస్తాయో ఎప్పుడైనా ఆలోచించావా? మామూలు గడ్డయితే ఆయనంత చక్కగా ఇంకెవరూ తియ్యరు. చెడ్డగడ్డ అనిపిస్తే చెయ్యి పెట్టడు. ముక్క తీసి కుట్టేస్తాడు. కుట్టేస్తే రక్తం ఎక్కడ పోతుంది?"

మరి మూడో థియేటరాయనో అని ఈమె అడిగింది. ఇలా కుట్టేసి పంపినవాళ్ళు చివరికి వచ్చేది ఆయన దగ్గరికేనంది సిస్టరు. ఆ జబ్బుల కోసమే చదువుకుని వచ్చినవాడు. గడ్డ పగలకుండా మొత్తంగా తీసి, మనిషి బల్ల మీద ఉండగానే ల్యాబుకి పంపుతాడు. చెడ్డదని ఫోనొస్తే ఏడెనిమిది గంటలు నిలబడి, పేగంతా తడిమి, కంటికి కనిపించిందల్లా ఏరి తీస్తాడు. ఆ ఆరు జాడింపులు అందుకే వస్తాయంది.

ఇరవై రెండేళ్ళుగా తనకి తెలుసనుకున్నదంతా తలకిందులైపోయింది. తొట్టి అంచు పట్టుకుని, మా అక్కప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగింది.

"నన్నెవరు అడిగారు?" అంది సిస్టరు. "నువ్వేమో ఎగిరి గంతేస్తున్నావు. నేనూ ఇక్కడే ఉద్యోగం చేసుకోవాలి."

ఆయన చేసినా మీ అక్క బతికేదని ఎవరూ చెప్పలేరని కూడా అంది, ఓదార్పుకి. అది ఈమె చెవికెక్కలేదు. బతికేది కాదని మాత్రం ఎవరు చెప్పగలరు?

ఇక్కడ పడింది అసలు చిక్కు. డాక్టరుని మార్చకపోతే ప్రాణం మీదికొస్తుంది. మారిస్తే ఎందుకని ఇంట్లో ఆ పిల్ల అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? మీ అమ్మకి ఒకటి, నాకు ఇంకొకటి అని చెప్పాలా? నిజం చెప్పుకోవాలంటే, ఆ పూటంతా ఆమెకి చావే తేలికనిపించింది. గురువారం వెళ్ళి మాట్లాడకుండా ఆయన బల్ల మీదే పడుకుందామనుకుంది. సాయంత్రం మూడో థియేటరు మూట విప్పుతుంటే కడుపులో గడ్డ కలుక్కుమంది. అప్పుడు బతకాలనిపించింది, సిగ్గూ ఎగ్గూ లేకుండా, ఎలాగైనా సరే బతకాలనిపించింది.

భర్తకి చెబితే గొంతు పెంచాడు. "కసాయి అని పేరు పెట్టింది నువ్వే కదే. ఇప్పుడు వెళ్ళి ఆయన కత్తి కిందే పడుకుంటావా?" అన్నాడు. అక్క సంగతి విన్నాక గొంతు తగ్గించాడు. పిల్లకి మాత్రం చెప్పొద్దు, తేదీ వెనక్కి జరిగిందని చెబుదాం అన్నాడు. ఆమెకీ అదే కావలసింది.

ఒక్క జాడింపాయనతో ఈ మాట చెప్పడానికి బయల్దేరి, రెండుసార్లు మెట్ల దగ్గర నుంచే వెనక్కి వచ్చేసింది. మొహమాటం ఎంత పాడుదంటే, ప్రాణాలు పోతున్నా ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని వెనక్కి లాగుతుంది. ఆయన నొచ్చుకోలేదు సరికదా, ఫైలు ఆమె చేతికిచ్చి, మంచిపనే చేశావమ్మా అన్నాడు. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. మంచిపనని తెలిసినవాడు ఆ ముక్క ముందే తన నోటితో అనొచ్చుగా! మూడేళ్ళ కిందట అనొచ్చుగా! మాట గొంతుదాకా వచ్చింది. మింగేసి, దణ్ణం పెట్టి, బయటికొచ్చింది.

కసాయి బట్టతల మనిషి, పొట్టివాడు. ఫైలు చూసినంతసేపూ తలెత్తలేదు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని కసిరాడు. చిన్న కోత కుదరదన్నాడు, గడ్డ పగిలితే జబ్బు కడుపంతా చిందుతుందట. చెడ్డదని తేలితే గర్భసంచి, రెండు అండాశయాలు, పేగుల మీది కొవ్వు పొర తీసేస్తాడు, అవసరమైతే పేగులో ముక్క కూడా. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"తెరిచాక ఎక్కువగా ఉందనిపిస్తే, కుట్టేసి వచ్చేస్తారా సార్?"

అప్పుడు తలెత్తాడు. "తియ్యగలిగినంతా తీస్తాను. తియ్యలేనిది మిగిలితే, నీకు మెలకువ వచ్చాక నేనే వచ్చి చెప్తాను. బతికిస్తానని మాత్రం చెప్పను." ఫైలు మూస్తూ, "గుడ్డలు బాగా పాడవుతాయి మరి" అన్నాడు. నవ్వుతున్నాడో దెప్పుతున్నాడో ఆమెకి తెలియలేదు.

పదకొండు రోజుల దాకా ఖాళీ లేదు. ఆ పదకొండు రోజులూ పనికి వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని భయం. ఆయన మూటలు వస్తే ముందులా తిట్టుకోలేదు, చీటీ మీద టైములు చదివింది. ఎనిమిదిన్నర నుంచి మూడూ నలభై. తొమ్మిది నుంచి రెండున్నర. అంతసేపు పడుకున్న ఆ ఆడమనిషి ఎవరో, లేచిందో లేదో అనుకుంటూ జాడించింది. పొద్దున్నే లేవకముందు కడుపు తడుముకునేది. నిన్నటికన్నా పెరిగిందనిపించేది. ఈ పదకొండు రోజుల్లోనే పాకిపోతుందేమో, డాక్టర్ని ముందే మార్చుకుని ఉంటే ఎలా ఉండేదో అని లోపల లోపల కుళ్ళిపోయింది. పిల్ల ప్రతిరోజూ తేదీ ఎందుకు జరిపారని అడిగేది. డాక్టరుగారికి ఊళ్ళో పనుందని ఒక రోజు, మిషను బాగాలేదని ఇంకొక రోజు చెప్పింది. ఒక అబద్ధం కోసం నాలుగు అల్లుకోవాల్సి వచ్చింది.

ఆపరేషన్ రోజు ఉదయం ఎనిమిదింటికి తీసుకెళ్ళారు, సాయంత్రం నాలుగింటికి తెచ్చారు. మర్నాడు కసాయి అన్నట్టే తనే వచ్చాడు. చెడ్డదేనన్నాడు. కొవ్వు పొరలోకీ పేగు మీదికీ పాకింది, పేగులో జానెడు కోసి కలిపాను, కంటికి కనిపించింది ఏదీ వదల్లేదు, కనిపించనిది మందులు చూసుకోవాలి, మళ్ళీ రావచ్చు కూడా అన్నాడు. చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయాడు. కడుపు నిలువునా చీల్చినట్టు నొప్పి, అయినా ఆమెకి ఆయన మీద కోపం రాలేదు.

మూడోరోజు, భర్త డ్యూటీకి వెళ్ళాక, పిల్ల పక్కన కూర్చుని చెంచాతో నీళ్ళు పోస్తోంది. ఆపరేషనయ్యాక థియేటరు తలుపు తీసుకుని ఏ డాక్టరు బయటికి వచ్చాడో ఆ పిల్ల ఆ రోజే కళ్ళారా చూసింది. మూడు రోజులు ఓపిక పట్టింది.

"మా అమ్మని గంటలోపే తెచ్చేశారు. నిన్ను ఎనిమిది గంటలు లోపలుంచారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు. నువ్వు డాక్టర్ని ఎందుకు మార్చావు పిన్నీ?"

నాలుక చివర అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. గట్టిగా మాట్లాడే ఓపిక లేదని కళ్ళు మూసుకున్నా సరిపోయేది. కానీ తెలిసి కూడా చెప్పకుండా ఊరుకున్నవాళ్ళని ఈ పక్షం రోజుల్లో ఇద్దరిని చూసింది. వాళ్ళ మీద తనకెంత ఒళ్ళు మండిందో తనకే తెలుసు.

"మీ అమ్మకి తీయాల్సింది తీయలేదు, కుట్టేశారు. గుడ్డలు శుభ్రంగా ఉన్నాయని నేను మురిసిపోయాను. నాకు తెలిసింది మొన్నమొన్ననే. తెలిశాక నా ప్రాణం కోసం మార్చుకున్నాను. అక్కని ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది నేనే."

పిల్ల చెంచా గ్లాసులో పెట్టింది, గ్లాసు బల్ల మీద పెట్టింది, బయటికి వెళ్ళింది. ఆ రోజు మళ్ళీ రాలేదు. మర్నాడు మాత్రం వేళకే వచ్చింది. తడిగుడ్డతో మొహం తుడిచింది, చిక్కు తీసి తల దువ్వింది, పక్కకి ఒత్తిగిలేటప్పుడు వీపుకి చెయ్యి ఆనించింది. సాయంత్రందాకా అక్కడే ఉంది. నీళ్ళు కావాలా, నర్సుని పిలవనా అని అడుగుతూనే ఉంది. పిన్నీ అని మాత్రం ఒక్కసారి కూడా పిలవలేదు.