శుక్రవారం పీకిన వైరు

కర్పూరం వాసన తగిలితే చాలు, నా కళ్లు కరెంటు వైర్ల వైపు తిరుగుతాయి. ఇవాళ ఉదయం ఆఫీసులో హారతి ఇస్తున్నప్పుడూ అంతే, సరోజక్క గుర్తొచ్చింది. మైలాపూరులోని ఈ ఆఫీసులోనే, నా మొదటి ఉద్యోగంలో ఆమే పైఅధికారి. తరతరాలుగా తొండియార్‌పేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. ఒక ఆసుపత్రి కంప్యూటర్లను నడపడం మా పని. ఏ రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలో నర్సులు వాటిలోనే చూసుకునేవారు. ప్రతి శుక్రవారం ఆ వివరాలన్నీ ఉండే సర్వర్లకు నిమ్మకాయ, కుంకుమ, హారతి. ఇక్కడ ఏ ఆఫీసులోనైనా ఉండేదే. అక్క మాత్రం హారతి కళ్లకద్దుకుని, నేరుగా వెళ్లి నడుస్తున్న సర్వరు వైరు పీకేసేది!

మొదటిసారి చూసినప్పుడు, “ఇదేం పని అక్కా?” అన్నాను.

“ఎందుకట్లా బెదురుతా ఉండావు? ఇది పోతే పక్కది దీని పని అందుకోవాల గదా. అందుకుంటాదో లేదో, అందరం ఈడ ఉండేటప్పుడే చూసుకుంటే పోలా? ఆడ నర్సమ్మలకు ముందే చెప్పినాం, మందుల వివరాలు కాగితాల మీద తీసిపెట్టుకున్నారు” అంది.

మేనేజరుకు ఇది మింగుడుపడలేదు. బాగా నడుస్తున్నదాన్ని కెలికితే ఉద్యోగం ఊడుతుందని తెగేసి చెప్పాడు. “సరి సార్, ఊడితే నాదే ఊడనీండి” అని అక్క మరుసటి శుక్రవారం కూడా పీకింది. పక్క సర్వరు అందుకుంది. కానీ అది చూపిస్తున్నవి పాత వివరాలు. ఆ ఉదయమే డాక్టరు సగానికి తగ్గించిన ఒక పసిపిల్ల మందు, అందులో ఇంకా పూర్తి మోతాదుగానే ఉంది. అంతా బాగుందని చెప్పే పచ్చదీపాలు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి. నర్సుల చేతిలో కాగితాలు ఉండబట్టి సరిపోయింది. మేనేజరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. అక్క ఎవరినీ ఒక్క మాట అనకుండా, పక్క సర్వరు వెనకబడితే వెంటనే మోగేలా అలారం పెట్టించింది.

కొన్నాళ్లకు ఒక శుక్రవారం ఆమే రాలేదు. ఫోను కూడా ఆపేసింది. ఆమెకు ఏమైందోనని హడలిపోతూనే, ఆ రోజు వచ్చిన చిక్కుల్ని మేమే విప్పుకున్నాం. మర్నాడు తాపీగా వచ్చి, “నాకొక్కదానికే తెలిసిన పని ఎంత ఉండాదో చూసినారు గదా? ముందు అది నేర్చుకోండి” అంది.

నిరుడు వానల్లో అక్క పోయింది. సగంమందిమి తొండియార్‌పేటలో ఆమె ఇంటి ముందు నిలబడితే, మిగతావాళ్లు పని చూసుకున్నారు. ఆసుపత్రిలో ఎవరికీ ఏ లోటూ తెలియలేదు. ఆమె కోరుకున్నది అదేనని తెలిసినా నాకు చెడ్డ కోపం వచ్చింది. ఆ ఒక్కరోజుకు ఏదో ఒకటి ఆగిపోతే బాగుండుననిపించింది.

ఇవాళ హారతి కళ్లకద్దుకుని, నర్సులకు చెప్పామో లేదో మరోసారి అడిగి, వైరు పీకాను. పక్క సర్వరు వెంటనే అందుకుంది.

“అందుకుందక్కా” అన్నాను, ఎవరికీ వినపడకుండా.